రేడియల్ నరం, రెండు ఈఎంజీ పరీక్షలు, నడుమ నిరీక్షణ: నా అనుభవం

జూన్ 3న జారిపడినప్పుడు నా కుడి దండచేయి ఎముక మధ్యలో విరిగింది. ఎక్స్‌రే తీసిన తరువాత ఎముకల డాక్టరు గారు నా చేతిని కింద నుంచి పట్టుకుని, "మణికట్టు పైకి ఎత్తండి" అన్నారు. ఎత్తలేకపోయాను. అరచేయి కిందికి వేలాడుతోంది, వేళ్ళు మొదళ్ళ దగ్గర చాచుకోవడం లేదు, బొటనవేలు పక్కకు జరగడం లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, చేతి వెనుక వైపు చర్మం మొద్దుబారి ఉంది. గుప్పిట మాత్రం, బలహీనంగానైనా, బిగుస్తోంది. దండచేయి ఎముక వెనుక భాగాన్ని చుట్టుకుని కిందికి దిగే రేడియల్ నరం ఎముక విరిగినప్పుడు దెబ్బ తిన్నదని, ఎముక ఇలా విరిగినప్పుడు ఇది అరుదేమీ కాదని, చాలామందిలో దానంతట అదే కోలుకుంటుందని ఆయన చెప్పారు. చర్మం చిట్లకుండా ఎముక విరిగింది కనుక ఆపరేషన్ లేకుండా బ్రేస్ వేశారు. నరం ఎంత దెబ్బ తిన్నదో ఈఎంజీ (నరాల, కండరాల విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష) చేస్తే తెలుస్తుందని చీటీ రాసి ఇచ్చారు.

ఆ చీటీ మీద పరీక్ష ఎప్పుడు చేయించాలో లేదు. విరిగిన ఎముక కన్నా వేలాడే చేయే నన్ను ఎక్కువగా భయపెట్టింది కాబట్టి, దొరికిన మొదటి తేదీ జూన్ 10కి సమయం తీసుకున్నాను. తీరా వెళితే, పరీక్ష చేసే న్యూరాలజిస్టు గారు చీటీ మీది దెబ్బ తగిలిన తేదీ చూసి, యంత్రం తెరవకుండానే, "ఇప్పుడు చేస్తే మీకు నొప్పి, నాకు సందేహం, అంతే మిగులుతుంది. జూలై మొదటికి రండి" అన్నారు. ఆ క్షణంలో నాకు కోపమే వచ్చింది. వారం రోజులుగా ఒకే ప్రశ్నతో నిద్రపోతున్నవాణ్ణి ఇంకో మూడు వారాలు ఆగమంటే ఎవరికైనా వస్తుంది. అయితే ఆ తరువాత ఆయన పావుగంట కూర్చోబెట్టి చెప్పిన విషయం ఈ మొత్తం వ్యవహారంలో నేను తెలుసుకున్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది. అందుకే దాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నరం పూర్తిగా తెగిపోయినా, తెగిన చోటుకు దిగువన ఉన్న భాగం వెంటనే చచ్చిపోదు. కొన్ని రోజుల పాటు అది విద్యుత్ సంకేతాన్ని మోస్తూనే ఉంటుంది. అందువల్ల మొదటి రోజుల్లో మోచేతి దగ్గర షాక్ ఇస్తే, తెగిన నరమూ కండరాన్ని కదిలిస్తుంది, కేవలం నొక్కుకుపోయి పని ఆపేసిన నరమూ కదిలిస్తుంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తెగిన నరమైతే, కండరం నుంచి వచ్చే స్పందన సుమారు వారంలోనూ, స్పర్శ నరం నుంచి వచ్చే స్పందన పది పదకొండు రోజుల్లోనూ మాయమవుతాయి. తెగిన నరపు దిగువ భాగం ఇలా క్షీణించిపోతుందని 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి చూసి చెప్పాడు. నేటికీ ఆ క్షీణతకు ఆయన పేరే. ఇక కండరంలో సూది గుచ్చి చేసే పరీక్షలో కనిపించే ఆనవాళ్ళు ఇంకా ఆలస్యం. నరం సరఫరా పోయిన కండరం తనంతట తాను సంకేతాలు వెలువరించడం మొదలుపెట్టడానికి, దెబ్బకు దగ్గరి కండరాలలో పది పదిహేను రోజులు, దూరపు కండరాలలో మూడు నాలుగు వారాలు పడుతుంది. తొలి రోజుల పరీక్షకు విలువ ఉండే సందర్భం ఒకటుందట: పడిపోయిన కండరంలో సూది పెట్టినప్పుడు రోగి ప్రయత్నానికి ఒక్క మోటార్ యూనిట్ (ఒక నరపు నార, అది నడిపే కండరపు నారలు) పలికినా, నరం పూర్తిగా తెగలేదని అప్పుడే తేలిపోతుంది. నా విషయంలో అలా తేలకపోతే ఏమీ తెలియనట్టే కాబట్టి, మూడు నాలుగు వారాలు ఆగి ఒకేసారి చేస్తే మేలని ఆయన నిర్ణయం. ఆ రోజు పరీక్ష రుసుము తీసుకోలేదు, సంప్రదింపు రుసుము మాత్రమే తీసుకున్నారు.

నడుమ వారాలు ఫిజియోథెరపీతో గడిచాయి. మణికట్టును పైకి ఎత్తి ఉంచే స్ప్లింట్ ఇచ్చారు. అది పెట్టుకున్న వెంటనే గుప్పిట బలం పెరిగినట్టు అనిపించి ఆశ్చర్యపోయాను. ముడిచే కండరాలు ఆరోగ్యంగానే ఉన్నాయి, మణికట్టు వాలిపోయి ఉండటం వల్ల అవి బిగుసుకోలేకపోతున్నాయని ఫిజియోథెరపిస్టు వివరించారు. వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోకుండా ఎడమ చేత్తో వాటిని రోజూ చాచి పట్టుకోవడమే అప్పటికి నాకున్న పని. నరం తిరిగి వచ్చేనాటికి కీళ్ళు రాళ్ళయిపోతే ఆ నరం వచ్చీ లాభం లేదని ఆమె కరాఖండిగా చెప్పారు.

జూలై 1న పరీక్ష. ముందు రోజే ఫోన్ చేసి, చేతులకు నూనె, లోషన్, పౌడరు ఏమీ రాయవద్దని, ఉంగరాలు, గడియారం తీసేసి, భుజం వరకు సులువుగా తీయగలిగే వదులు దుస్తులు వేసుకుని రమ్మని చెప్పారు. ఉపవాసం అక్కర్లేదు. వెళ్ళగానే పేస్‌మేకర్ ఉందా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా, రక్తస్రావ సమస్యలున్నాయా అని అడిగి రాసుకున్నారు. బ్రేస్ వదులు చేయడానికి ఎముకల డాక్టరు గారి అనుమతి కాగితం తీసుకురమ్మని మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. అక్కడి నుంచే ఫోన్ చేసి మాట్లాడించడానికి చాలాసేపు పట్టింది. చేయి విరిగి ఈ పరీక్షకు వెళ్ళేవారు ఆ కాగితం ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. తోడుగా మా అన్నయ్య రావడం కూడా మంచిదయింది, ఒంటి చేత్తో చొక్కా విప్పడం, తొడగడం అప్పటికి నావల్ల అయ్యే పని కాదు.

పరీక్ష మొదలవుతుందనుకుంటే, టెక్నీషియన్ ముందు నా చేతి చర్మం ఉష్ణోగ్రత కొలిచారు. కదలిక లేని చేయి చల్లగా ఉంది. ముప్ఫై రెండు డిగ్రీలకు తగ్గకుండా ఉండాలంటూ వేడి సంచీ చుట్టి కాసేపు కూర్చోబెట్టారు. చేయి ఒక డిగ్రీ చల్లబడితే నరంలో సంకేతం వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు పడిపోతుంది కాబట్టి, చల్లని చేతితో చేస్తే మంచి నరం కూడా రోగగ్రస్తమైనట్టు కనిపిస్తుంది. ఈ జాగ్రత్త తీసుకోవడం చూశాక ఆ గది మీద నాకు నమ్మకం కుదిరింది.

మొదటి భాగం నెర్వ్ కండక్షన్ స్టడీ, అంటే నరం సంకేతాన్ని ఎలా మోస్తోందో చూడటం. చర్మం మీద పెన్నుతో గుర్తులు పెట్టి, టేపుతో దూరాలు కొలిచి, కండరం మీద ఎలక్ట్రోడ్లు అంటించి, నరం మీద రెండు మొనల పరికరం ఆనించి షాక్ ఇస్తారు. ఒక్కో షాక్ నిడివి సెకనును పది వేల భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాలు మాత్రమే. మొదట తక్కువగా ఇచ్చి, స్పందన ఇక పెరగదనే వరకు పెంచుకుంటూ పోతారు. చిన్న షాకులు చిటికెలా ఉంటాయి, పెద్దవి చేతిని దానంతట అదే ఎగిరేలా చేస్తాయి. నొప్పి కన్నా, నా ప్రమేయం లేకుండా నా చేయి కదలడమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. షాక్ ఎప్పుడు పడుతుందో తెలియక బిగుసుకుంటే ఇంకా కష్టంగా ఉంటుంది. "ఇస్తున్నాను" అని ప్రతిసారీ చెప్పమని టెక్నీషియన్‌ను అడిగాను. ఆ మాట చెప్పడం మొదలుపెట్టాక సగం బాధ తగ్గింది.

చేతిలోనే ఉన్న మరో రెండు నరాలను, దెబ్బ తినని మీడియన్, అల్నార్ నరాలను, ముందు పరీక్షించడం చూసి, ఇదంతా ఎందుకని విసుగనిపించింది. దెబ్బ ఒక్క నరానికే పరిమితమా, లేక భుజం దగ్గరి నరాల గుంపు కూడా లాగుకుపోయిందా అన్నది తేల్చడానికి అది తప్పనిసరి అని తరువాత తెలిసింది. ఆ రెండూ బాగానే పలికాయి. మీడియన్ నరం వేగం సెకనుకు 50 మీటర్లకు పైనే ఉందని టెక్నీషియన్ పైకే చదివారు. తరువాత ఎడమ చేతిలో రేడియల్ నరం చూశారు, పోల్చడానికి. తెర మీద ఎత్తయిన గుండ్రని అల ఒకటి లేచింది. ఆ తరువాత కుడి చేయి. అదే చోట, అదే షాక్. గీత ఏమాత్రం లేవలేదు. షాక్ పెంచారు, ఇంకా పెంచారు. చర్మం మీద మంట పుడుతోంది, గీత చదునుగానే ఉంది. బొటనవేలి వెనుక స్పర్శ నరం దగ్గరా అంతే. ఎవరూ ఏమీ అనకపోయినా నాకు అర్థమైపోయింది. ఆ గదిలో నేను దిగులుపడ్డ క్షణం అదొక్కటే. సూదులు దాని ముందు ఎంత!

రెండో భాగం ఈఎంజీ, సూది పరీక్ష. దీన్ని డాక్టరు గారే స్వయంగా చేశారు. ఒకసారి వాడి పారేసే సన్నని సూది, దాని ద్వారా ఏ మందూ ఎక్కించరు. సూది మొన కండరంలోని విద్యుత్తును వింటుంది, యంత్రం దాన్ని తెర మీద గీతగానూ, స్పీకరులో చప్పుడుగానూ చూపిస్తుంది. ప్రతి కండరంలోనూ మూడు దశలు: వదులుగా ఉంచినప్పుడు, కొద్దిగా బిగించినప్పుడు, గట్టిగా బిగించినప్పుడు. గుచ్చడం చీమ కుట్టినంత, లోపల సూదిని కొద్ది కొద్దిగా జరిపినప్పుడు మాత్రం లోతుగా సలుపుతుంది. కండరాన్ని పూర్తిగా వదిలేస్తే సలుపు తగ్గుతుంది, కానీ సూది గుచ్చిన చేతిని వదిలేయమనడం చెప్పినంత తేలిక కాదు.

భుజం మీది డెల్టాయిడ్‌లోనూ, దండచేయి వెనుక ట్రైసెప్స్‌లోనూ సూది ఉన్నప్పుడు, చేయి వదులు చేయగానే స్పీకరు మౌనంగా ఉండిపోయింది, బిగించగానే గలగలమంది. ఆరోగ్యమైన కండరం అలాగే ఉండాలట. ముంజేతి పైభాగంలోని బ్రేకియోరేడియాలిస్‌లో సూది దిగగానే, నేను ఏమీ చేయకుండానే, రేకుల కప్పు మీద చినుకులు పడుతున్నట్టు క్రమబద్ధమైన చిటపట మొదలైంది. అవే ఫిబ్రిలేషన్లు. నరం సరఫరా కోల్పోయిన కండరపు నారలు ఒక్కొక్కటీ తమంతట తాము పలికే చప్పుడు. "ఇప్పుడు మోచేయి ముడవండి" అన్నారు. బలమంతా పెట్టాను. చిటపటలో మార్పు లేదు. మణికట్టు ఎత్తే కండరాలలో, వేళ్ళు చాచే కండరాలలో, చూపుడువేలి కండరంలో, అంతటా అదే. ట్రైసెప్స్‌కు వెళ్ళే కొమ్మలు బాగుండి, దాని దిగువన ఉన్నవన్నీ పోయాయి కాబట్టి, దెబ్బ ఎముకను నరం చుట్టుకునే చోటే ఉందని, అదీ ఎక్స్‌రేలో ఎముక విరిగి ఉన్న చోటేనని ఆయన తేల్చారు. ఇంత స్పష్టంగా చోటు చెప్పగలగడం నాకు ఆశ్చర్యమనిపించింది.

అంతా అయ్యేసరికి గంటన్నర దాటింది. తరువాత ఆయన ఒక కాగితం మీద గీసి చూపించారు. నరాల దెబ్బలను హెర్బర్ట్ సెడన్ 1943లో మూడు తరగతులుగా విడదీశాడు: నరం చెక్కుచెదరక సంకేతం మాత్రం ఆగిపోవడం ఒకటి, లోపలి యాక్సాన్లు (సంకేతాన్ని మోసే సన్నని నారలు) తెగి చుట్టూ ఉన్న తొడుగు మిగలడం రెండోది, నరమే తెగిపోవడం మూడోది. మొదటిదైతే దెబ్బకు దిగువన షాక్ ఇచ్చినప్పుడు స్పందన మామూలుగా ఉండేది, కాబట్టి నాది మొదటిది కాదు. రెండోదా మూడోదా అన్నది మాత్రం ఈ పరీక్ష చెప్పలేదు, రెండింటిలోనూ తెర మీద ఇదే కనిపిస్తుంది. పరీక్షకు ముందు ఎవరూ నాకు చెప్పనిది ఇదే. నరం తెగిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు కోసం నాలుగు వారాలు ఎదురుచూశాను, సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు లేదు. డాక్టరు గారు మంచిమనిషి కనుక దాన్ని దాచలేదు. "కాలం చెబుతుంది అంటే తప్పించుకుంటున్నాననుకోకండి, ఇక్కడ కాలం కూడా ఒక పరీక్షే" అన్నారు.

బిల్లు చూసినప్పుడు చిన్న ఆశ్చర్యం. నెర్వ్ కండక్షన్‌కు ఒక పద్దు, ఈఎంజీకి వేరే పద్దు, సూదికి ఇంకో పద్దు. పోలిక కోసం చూసిన ఎడమ చేతికి కూడా రుసుము ఉంది. ముందుగా నాకు చెప్పిన మొత్తం ఒక చేతి నెర్వ్ కండక్షన్‌కు మాత్రమేనట. ఎన్ని అవయవాలు, ఏయే భాగాలు, సూదితో కలిపా అని విడివిడిగా అడిగితే తప్ప ఆ లెక్క తెలియదు. రిపోర్టు రెండు రోజుల తరువాత వచ్చింది. "తీవ్రమైన, సంపూర్ణ యాక్సాన్ నష్టం" అన్న ముగింపు వాక్యం ఇంట్లో చదివి అందరం నీరుకారిపోయాం. ఆ వాక్యం ఆ రోజున నరం ఎంత పని చేస్తోందో చెప్పేదే తప్ప, రేపు ఏమవుతుందో చెప్పేది కాదని, గదిలో విన్న వివరణను మళ్ళీ గుర్తుచేసుకోవలసి వచ్చింది. ఆ వివరణ వినకుండా రిపోర్టు మాత్రమే చేతికి అందేవారి పరిస్థితి తలుచుకుంటే బాధగా ఉంటుంది. గుచ్చిన చోట్ల రెండు చిన్న కమిలిన మచ్చలు, ఒక రోజు సలుపు మిగిలాయి, అంతకు మించి ఇబ్బంది లేదు.

నరం తెగిందా అన్న ప్రశ్నకు కొంత జవాబు మరుసటి వారం అల్ట్రాసౌండ్‌లో దొరికింది. ఎముక విరిగిన చోట నరం వాచి లావుగా ఉంది గానీ, ఆ చివర నుంచి ఈ చివర వరకు వరుస తెగకుండా ఉంది. అయితే లోపలి నారలు ఆ వాచిన చోటును దాటి పెరుగుతాయో, మచ్చలో చిక్కుకుంటాయో అల్ట్రాసౌండ్‌కూ తెలియదు. కాబట్టి ఎముకల డాక్టరు గారు ఒక గడువు పెట్టారు. తెగిన యాక్సాన్లు మొదట కొంత ఆగి, ఆపైన రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. ఎముక విరిగిన చోటు నుంచి బ్రేకియోరేడియాలిస్‌లో నరం ప్రవేశించే చోటుకు దూరం తొమ్మిది పది సెంటీమీటర్లు. అంటే మూడు నెలలు దాటాక, నాలుగు నెలలు నిండేలోపు ఆ కండరంలో ఏదో ఒక కదలిక రావాలి. రాకపోతే ఆపరేషన్ చేసి నరాన్ని చూడాలి. సరఫరా లేని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే తిరిగి పనిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది కనుక, చేతి వేళ్ళ వరకు ఉన్న దూరాన్ని లెక్కలోకి తీసుకుంటే ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవడానికి లేదు.

జూలై, ఆగస్టు నెలలు నిజంగా కష్టమైనవి. ఎముక అతుక్కుంది, బ్రేస్ తీసేశారు, చూసేవారందరికీ నయమైనట్టే కనిపించాను, చేయి మాత్రం వాలిపోయే ఉంది. ముంజేయి సన్నబడటం కంటికి తెలుస్తోంది. ఒక్క విషయం ఊరట ఇచ్చింది. దండచేయి బయటి వైపు నరం దారిలో వేలితో తట్టితే బొటనవేలి వెనుక జివ్వుమనే చోటు ఒకటి ఉంది. ఫిజియోథెరపిస్టు ఆ చోటును మోచేతి నుంచి కొలిచి రాసి ఉంచేవారు. ఆగస్టు చివరికి అది కిందికి జరిగింది. మొలిచే నారల కొసలు అక్కడికి చేరాయనడానికి అది సూచనే, కానీ కండరానికి వెళ్ళే నారలు కూడా వస్తున్నాయని దానితో రుజువు కాదని ఆమె వెంటనే హెచ్చరించారు.

రెండో పరీక్ష సెప్టెంబర్ 23న. అదే గది, అదే డాక్టరు గారు కావాలని పట్టుబట్టి సమయం తీసుకున్నాను. వేర్వేరు యంత్రాలు, వేర్వేరు డాక్టర్లైతే రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టమని ఆయనే చెప్పారు. ఈసారి పరీక్ష చాలా చిన్నది. షాకులు కొన్నే, గీత ఇంకా చదునుగానే ఉంది. నా గుండె జారింది. అది ఆయన ఊహించినదే, అసలు చూడవలసింది సూదితో అన్నారు. బ్రేకియోరేడియాలిస్‌లో సూది పెట్టి, "మోచేయి ముడిచే ప్రయత్నం చేయండి, కానీ మెల్లగా" అన్నారు. చిటపట కొంచెం పలచబడినట్టు అనిపించింది. ఆయన సూదిని జరిపి మళ్ళీ అడిగారు, ఇంకోసారి జరిపి మళ్ళీ అడిగారు. మూడో నాలుగో చోట, నేను బిగించినప్పుడు మాత్రమే పలికి, వదలగానే ఆగిపోయే ఒక బొంగురు చప్పుడు వినిపించింది. తెర మీద చిన్నగా, అనేక ముక్కలుగా విరిగి, అడ్డదిడ్డంగా ఉన్న అల. ఆరోగ్యమైన కండరంలో అలాంటి అల కనిపిస్తే రోగమంటారట, ఇక్కడ మాత్రం అదే శుభవార్త. కొత్తగా వచ్చిన నారలు కొన్ని కండరపు నారలను ఇప్పుడిప్పుడే అందుకుంటున్నాయి, ఇంకా సమన్వయం కుదరలేదు. "మళ్ళీ బిగించండి" అన్నారు, మళ్ళీ పలికింది. అన్నయ్య తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు విన్నాడు. సూది లోపల ఉండగానే నేను నవ్వేసరికి, కదలవద్దని ఆయన చిన్నగా కోప్పడ్డారు.

మణికట్టు ఎత్తే కండరంలో కూడా అలాంటిదే ఒకటి దొరికింది. వేళ్ళు చాచే కండరాలలో, బొటనవేలి కండరాలలో ఏమీ లేదు, దూరం ఎక్కువ కనుక ఉండకూడదు కూడా. కంటికి కనిపించే కదలిక రావడానికి కొన్ని వారాల ముందే సూదికి ఇది అందుతుందన్నది ఈ రెండో పరీక్ష వల్ల నాకు కలిగిన అసలు ప్రయోజనం. అది లేకపోతే గడువు ముగిసిందని నా చేతిని తెరిచి చూసేవారేమో. రిపోర్టు చూసి ఎముకల డాక్టరు గారు ఆపరేషన్ మాట పక్కన పెట్టారు. అక్టోబర్ మధ్యలో, చేతిని బల్ల మీద పక్కకు వాల్చి భూమ్యాకర్షణ అడ్డు రాకుండా ప్రయత్నించినప్పుడు, మణికట్టు కొద్దిగా కదిలింది. నవంబర్ వచ్చేసరికి గురుత్వానికి ఎదురుగానూ లేస్తోంది, అయితే కొద్ది సార్లకే అలిసిపోతుంది.

ఇప్పుడు నవంబర్ చివర. వేళ్ళు మొదళ్ళ దగ్గర చాచుకోవడం మొదలైంది, మధ్యవేలు ముందుగా, మిగిలినవి దాని వెనుక. బొటనవేలు, చూపుడువేలు విడిగా చాచడం రాలేదు. ఆ కండరాలకు నరం అన్నిటికన్నా చివర చేరుతుంది కాబట్టి డాక్టర్లు కంగారుపడటం లేదు. రెండు పరీక్షల రిపోర్టులతో పాటు తెర మీది అలల ముద్రిత పుటలను కూడా అడిగి తీసుకున్నాను. అడగకపోతే ఒక పేజీ సారాంశం మాత్రమే ఇస్తున్నారు, వేరే డాక్టరుకు చూపించవలసి వస్తే ఆ అలలే కావాలి. ఫిబ్రవరి చివరికి కూడా బొటనవేలు కదలకపోతే, ఆ ఒకటి రెండు కండరాలలో మాత్రమే సూదితో మళ్ళీ చూస్తారు. అప్పటికీ ఏమీ లేకపోతే, బాగున్న కండరం తాలూకు స్నాయువును బొటనవేలికి మళ్ళించే ఆపరేషన్ గురించి మాట్లాడదామని ఎముకల డాక్టరు గారు చెప్పారు.